పడిన తేదీ, పెట్టిన తేదీ



ఇవాళ ఆగస్టు 29. పొద్దున్నే మీ ఫోనుకి ఒక మెసేజి వచ్చే ఉంటుంది. "చరిత్రలో ఈ రోజు" అని. ఫలానా ఏడాది ఫలానావారు పుట్టారు, ఫలానా చోట యుద్ధం ఆగింది, ఫలానా దేశానికి ఇవాళ పండుగ. ఇరవై వరసలుంటాయి. చదువుతాం. ఇంకో నలుగురికి పంపుతాం. మధ్యాహ్నం భోజనాలవేళకి ఒక్కటీ గుర్తుండదు. అందులో మన జ్ఞాపకశక్తి తప్పేమీ లేదు. వరసగా పేర్చిన సంగతులు ఎవరికీ గుర్తుండవు.

అందుకని ఇవాళ నేను వరసలు చదవను. ఒక చిన్న ఉపాయం చెబుతాను. ఏ తేదీ కనబడినా రెండు ప్రశ్నలు వేయండి. మొదటిది: ఇది పడిన తేదీయా, పెట్టిన తేదీయా? రెండోది: ఈ తేదీ మనకి ఎలా తెలిసింది?

మళ్లీ చెబుతున్నాను. పడిందా, పెట్టారా? ఎలా తెలిసింది? ఇంతే. ఈ రెండు ప్రశ్నలతో ఆగస్టు 29ని ఒకసారి చూద్దాం. ఆ తర్వాత మీ ఇంటి తేదీల దగ్గరికి వెళ్దాం. అసలు పని అక్కడే ఉంది.

ముందు లండన్ వెళ్దాం. 1831వ సంవత్సరం. రాయల్ ఇన్‌స్టిట్యూషన్ అని ఒక విజ్ఞాన సంస్థ. అక్కడ మైకేల్ ఫారడే పనిచేస్తున్నాడు. కమ్మరి కొడుకు. చిన్నప్పుడు పుస్తకాలు బైండింగు చేసే దుకాణంలో పని నేర్చుకున్నాడు. బైండింగుకి వచ్చిన పుస్తకాలు చదివి సైన్సులో పడ్డాడు. ఆ ఆగస్టు 29న ఆయన ఒక ఇనుప కడియం తీసుకున్నాడు. ఆరంగుళాల అడ్డకొలత. దానికి ఒకవైపు రాగితీగ చుట్టాడు. రెండోవైపు వేరే రాగితీగ చుట్టాడు. తీగకీ తీగకీ తగలకుండా మధ్యలో గుడ్డ, పురికొస పెట్టాడు. రెండు తీగలకీ ఎక్కడా సంబంధం లేదు. ఒక తీగని బ్యాటరీకి కలిపాడు. రెండో తీగ దగ్గరున్న అయస్కాంత సూది చటుక్కున కదిలింది. కదిలి మళ్లీ ఆగిపోయింది. బ్యాటరీ తీసేశాడు. సూది మళ్లీ కదిలింది.

మీ వీధి చివర స్తంభం మీద గుంయ్‌మంటూ ఉండే ట్రాన్స్‌ఫార్మర్ ఉంది చూశారూ, దాని పని అంతా ఇదే. రెండు తీగచుట్టలు, మధ్యలో ఇనుము. మీరు ఈ మాటలు వింటున్నారంటే ఆ కడియం పుణ్యమే.

ఇప్పుడు మన ప్రశ్నలు. ఆ తేదీ పడిందా, పెట్టారా? పడింది. ఫారడే ముహూర్తం చూసుకుని చెయ్యలేదు. రెండో ప్రశ్న, ఎలా తెలిసింది? దీనికి జవాబు బాగుంటుంది. ఆయన ఆ రోజే నోటుబుక్కులో రాసుకున్నాడు. పైన తేదీ వేశాడు. కడియం ఎంత, తీగ ఎంత పొడవు, సూది ఎలా కదిలింది, అన్నీ రాశాడు. ఆ నోటుబుక్కులు ఇప్పటికీ ఉన్నాయి. రాయకపోతే, ఏదో 1831 ప్రాంతంలో అని చెప్పుకునేవాళ్లం. ఆ రోజు జరిగింది ఆ రోజే రాశాడు. అంత పెద్ద శాస్త్రవేత్త దగ్గర మనం తేలిగ్గా నేర్చుకోగలిగిన పని ఇదొక్కటే అనుకుంటాను.

ఇంకో ఆగస్టు 29 చూద్దాం. ఇది పీడకల లాంటిది. 1949. ఇప్పటి కజకిస్థాన్‌లో సెమీపలాటిన్స్క్ అనే చోట, గడ్డి మైదానాల మధ్య, సోవియట్ యూనియన్ తన మొదటి అణుబాంబుని పేల్చి చూసింది. బయటికి చెప్పలేదు. గాలిలో కలిసిన అణుధూళిని అమెరికా విమానాలు పట్టుకున్నాయి. సెప్టెంబరు 23న అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ ప్రకటించేదాకా లోకానికి తెలియదు. ఆ మైదానంలో 40 ఏళ్లలో మొత్తం 456 పరీక్షలు జరిగాయి. చుట్టుపక్కల ఊళ్ల జనం ఆ గాలే పీల్చారు, ఆ నీళ్లే తాగారు. జబ్బులు వచ్చాయి.

తర్వాత ఏమైంది? 1991లో ఆ పరీక్షా కేంద్రాన్ని మూసేస్తూ కజకిస్థాన్ ఉత్తర్వు ఇచ్చింది. ఏ రోజున? ఆగస్టు 29న. సరిగ్గా 42 ఏళ్లకి. ముందురోజు ఇవ్వొచ్చు, మర్నాడు ఇవ్వొచ్చు. కానీ ఆ రోజే ఇచ్చారు. మా మైదానానికి ఏ రోజున ఆ గతి పట్టించారో, అదే రోజున తలుపులు మూస్తున్నాం అని చెప్పడం అన్నమాట. ఐక్యరాజ్యసమితి కూడా అదే తేదీని తీసుకుంది. 2010 నుంచి ఆగస్టు 29 అణుపరీక్షల వ్యతిరేక దినం.

చూడండి. 1949 నాటిది ఒక రకం. 1991 నాటిది ఇంకో రకం. తేదీ ఒకటే. మొదటిది పడిన తేదీ. రెండోది పెట్టిన తేదీ. జాబితాలో రెండూ పక్కపక్కన ఒకేలా కనబడతాయి. పడిందా, పెట్టారా అని అడిగితేనే కథ బయటికి వస్తుంది.

మన దేశంలో పెట్టిన తేదీలకి పెద్ద ఉదాహరణ జనవరి 26. రాజ్యాంగం 1949 నవంబరు 26నే ఆమోదం పొందింది. పూర్తిగా అమల్లోకి తెచ్చింది మాత్రం రెండు నెలలాగి. ఇల్లు కట్టడం అయిపోయినా, మంచిరోజు కోసం ఆగి గృహప్రవేశం చేసినట్టు. ఎందుకు ఆగారు? 1930 జనవరి 26న దేశమంతా పూర్ణ స్వరాజ్య దినం జరుపుకుంది. ఆ తేదీ వృథా కాకూడదని ఆగారు.

మరి ఆగస్టు 15? అదీ పెట్టిందే. అయితే పెట్టింది మనం కాదు, అప్పటి వైస్రాయి మౌంట్‌బాటన్. జపాన్ లొంగిపోయి ఆ రోజుకి రెండేళ్లు. యుద్ధంలో ఆ ప్రాంతపు సేనలకి ఆయనే అధిపతి. తనకి కలిసొచ్చిన రోజని అనుకున్నాడు. మన స్వాతంత్ర్య దినానికి వెనక జపాను లొంగుబాటు ఉందని పిల్లలకి చెప్పి చూడండి. ఇక ఆ తేదీ వాళ్లు మరిచిపోరు.

ఆగస్టు 15 మాట వచ్చింది కాబట్టి ధ్యాన్‌చంద్ గురించి చెప్పాలి. ఆయన పుట్టింది ఇవాళే. 1905 ఆగస్టు 29, అలహాబాదులో. అందుకే ఇవాళ జాతీయ క్రీడా దినోత్సవం. హాకీలో మూడు ఒలింపిక్ స్వర్ణాలు. 1928, 1932, 1936. ఆ మూడోది బెర్లిన్‌లో. ఫైనల్ జర్మనీతో. ఆట ఆగస్టు 14న జరగాలి. వాన కురిసింది. మైదానం తడిసిపోయింది. మర్నాటికి వాయిదా వేశారు. ఆట మొదలయ్యే ముందు, బట్టలు మార్చుకునే గదిలో, మన జట్టు కాంగ్రెసు మూడు రంగుల జెండాకి వందనం చేసింది. ఈ సంగతి ధ్యాన్‌చంద్ తన ఆత్మకథలో రాసుకున్నాడు. బరిలోకి దిగింది బ్రిటిష్ ఇండియా పేరు మీద. గదిలో మొక్కింది మూడు రంగుల జెండాకి. 8-1తో గెలిచారు. అది 1936 ఆగస్టు 15. ఇంకో పదకొండేళ్లకి ఆ తేదీకి ఏం కాబోతోందో ఆ గదిలో ఎవరికీ తెలియదు. అది వాన వల్ల పడిన తేదీ.

ధ్యాన్‌చంద్ పుట్టినరోజు పడిందే. క్రీడా దినోత్సవం మాత్రం పెట్టింది. ఆ రోజున క్రీడా పురస్కారాలు ఇవ్వడం చాలా ఏళ్లు ఆనవాయితీగా సాగింది. రియో ఒలింపిక్స్‌లో వెండి పతకం తెచ్చిన పి.వి. సింధు ఖేల్‌రత్న అందుకున్నది 2016లో ఇదే రోజున.

ఇక మన ముంగిట్లోకి వద్దాం. గిడుగు వెంకట రామమూర్తిగారు. 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. పర్లాకిమిడిలో బడిపంతులు. చరిత్ర చెప్పేవారు. ముఖలింగం గుడి గోడల మీది శాసనాలు తనంతట తాను చదవడం నేర్చుకున్నారు. ఆ చుట్టుపక్కల కొండల్లో సవరలు ఉంటారు. వాళ్ల మాట వాళ్ల దగ్గరే నేర్చుకున్నారు. ఆ భాషకి వ్యాకరణం రాశారు. నిఘంటువు కూర్చారు. ఇది చాలామందికి తెలియని గిడుగువారు. తెలిసిన గిడుగువారు వాడుక భాష కోసం జీవితమంతా వాదించిన మనిషి. జనం మాట్లాడే తెలుగే పుస్తకాల్లో ఉండాలి, బడిలో ఉండాలి అన్నారు. అప్పటి పండితులు ససేమిరా అన్నారు. ఇవాళ నేను మీతో "వెళ్దాం, చూద్దాం" అని రేడియోలో మాట్లాడుతున్నానంటే ఆ వాదం ఎటు తేలిందో మీకే తెలుస్తోంది.

అందుకే ఆంధ్రప్రదేశ్‌లో ఆయన పుట్టినరోజే తెలుగు భాషా దినోత్సవం. తెలంగాణలో కాళోజీ నారాయణరావుగారి పుట్టినరోజు, సెప్టెంబరు 9, తెలంగాణ భాషా దినోత్సవం. భాష ఒకటే కదా, రెండు రోజులెందుకని కొందరు అంటారు. పండుగ ఇంకొకటి వస్తే మనకి నష్టమేమిటి? జనం మాటకి విలువ ఇవ్వమన్న ఇద్దరికీ చెరొక రోజు దక్కింది. నాకైతే బాగానే ఉంది.

ఇవాళ అక్కినేని నాగార్జున పుట్టినరోజు కూడా. ఈ మాట చెప్పకపోతే కొందరు శ్రోతలు ఊరుకోరు.

సరే. లోకం సంగతి అయింది. ఇప్పుడు మీ ఇల్లు.

గోడ మీద క్యాలెండరు ఉంటుంది. దాని మీద ఏం రాస్తాం? పాల లెక్క. గ్యాస్ బండ మార్చిన తేదీ. పనమ్మాయి రాని రోజులు. బిడ్డకి టీకా వేయించింది. బోరు మోటారు కాలిపోయింది. ఇంటి చరిత్రంతా అక్కడే ఉంటుంది. జనవరి ఒకటి రాగానే ఆ క్యాలెండరు ఏమవుతుంది? పిల్లల పుస్తకాలకి అట్టలవుతుంది. ఏడాది చరిత్ర లెక్కల పుస్తకం వెనక్కి పోతుంది.

దానికి బదులు ఇలా చేయండి. ఒక లావుపాటి నోటుబుక్కు తీసుకోండి. ఒకటి చాలకపోతే రెండు కలిపి కుట్టించండి. ఒక్కో పేజీ మీద ఒక్కో తేదీ వేయండి. ఏడాది వేయొద్దు. తేదీ, నెల మాత్రమే. మొత్తం 366 పేజీలు. ఇంట్లో ఏది జరిగినా ఆ తేదీ పేజీకి వెళ్లి రాయండి. అక్కడ ఏడాది వేయండి. మళ్లీ ఏడు మళ్లీ అదే పేజీ. ఏడాదికేడాదికీ ఒక్కో వరస కిందికి పెరుగుతుంది. డైరీ అయితే ఏడాదితో చచ్చిపోతుంది. ఇది పదేళ్లు బతుకుతుంది.

రైతు ఇంట్లో దీని ఉపయోగం ఇంకా ఎక్కువ. తొలకరి ఎప్పుడు పడింది, కాలవకి నీళ్లు ఎప్పుడొదిలారు, మామిడి పూత ఎప్పుడు కనబడింది. జూన్ పేజీలు నాలుగు తిరగేస్తే పదేళ్ల వాన మీ ఎదుట ఉంటుంది. ఒకరి మాట మీద ఆధారపడక్కర్లేదు.

ప్రతి వరస చివరా రెండు ముక్కలు రాయండి. పడిందా, పెట్టారా. ఎలా తెలిసింది. ఈ రెండో ముక్క ఎందుకంటే, మన ఇళ్లలో పుట్టినరోజులే అన్నిటికన్నా పెద్ద చిక్కు.

మీ నాన్నగారి సర్టిఫికెట్ తీసి చూడండి. పుట్టిన తేదీ జూన్ 1 అనో, జూలై 1 అనో ఉంటుంది. మీ పెదనాన్నగారిది కూడా అదే. పక్కింటి తాతగారిదీ అదే. ఊరంతా ఒకే రోజున పుట్టారా ఏమిటి? కాదు. అది బడిలో మేష్టారు పెట్టిన తేదీ. అప్పట్లో పిల్లవాణ్ణి తీసుకొస్తే, కుడి చెయ్యి తల మీదుగా పోనిచ్చి ఎడమ చెవి పట్టుకోమనేవారు. చెవి అందితే అయిదేళ్లు నిండినట్టు. అందకపోతే వచ్చే ఏడాది రమ్మనేవారు. చెవి అందినవాడికి, బడి తెరిచే రోజులకి అయిదేళ్లు నిండేలా ఒక తేదీ వేసేవారు. ఆ తేదీతోనే ఉద్యోగం. ఆ తేదీతోనే పెన్షను. ఇంకో తమాషా ఉంది. ప్రభుత్వోద్యోగి ఒకటో తారీకున పుట్టినట్టు కాగితంలో ఉంటే, ముందు నెల ఆఖరి రోజునే రిటైరవుతాడు. మేష్టారు జూన్ 1కి బదులు జూన్ 2 వేసి ఉంటే, ఆ మనిషికి ఇంకో నెల జీతం వచ్చేది. ఇప్పటి ఆధార్ కార్డుల్లో జనవరి 1 కూడా చాలా చోట్ల కనబడుతుంది. అదీ అలాంటిదే.

అంతమాత్రాన కాగితం తప్పని నేననడం లేదు. ఆఫీసుల్లో కాగితం మీద తేదీయే చెల్లుతుంది. దాన్ని కదపొద్దు. కానీ మీ పుస్తకంలో రెండూ రాయండి. కాగితం తేదీ ఇది, పెట్టింది. అసలు తేదీ ఇది, పడింది. ఎలా తెలిసింది? నాయనమ్మ చెప్పింది.

నాయనమ్మని ఎలా అడగాలో కూడా చెబుతాను. "నాన్న ఏ తేదీన పుట్టాడు?" అని అడగొద్దు. చెప్పలేదు. "అప్పుడు ఊళ్లో ఏం జరిగింది?" అని అడగండి. అప్పుడు వస్తుంది మాట. "ఉప్పెనొచ్చేసరికి వాడు నాలుగు నెలల పసిగుడ్డు" అంటుంది. కృష్ణా జిల్లావాళ్లయితే అది దివిసీమ ఉప్పెన. 1977 నవంబరు 19. శనివారం. అక్కణ్ణుంచి నాలుగు నెలలు వెనక్కి లెక్కపెట్టండి. జూలై దగ్గరికి వచ్చేశాం. "ఆషాఢంలో పుట్టాడని మీ తాత ఒకటే గొణిగాడు" అంటుంది. నెల ఇంకాస్త బిగిసింది. "పింగళ సంవత్సరం" అంటుంది. సరిపోయింది, 1977 ఉగాది నుంచి పింగళే. "పున్నమికి ముందు, గురువారం" అంటుంది. ఇక పాత పంచాంగం తీయడమే. తేదీ చేతికి వస్తుంది. కోనసీమవాళ్లకి 1996 నవంబరు తుపాను అలాంటి గుర్తు. పెద్దవాళ్లకి తేదీలు రావని మనం అనుకుంటాం. వాళ్ల దగ్గర వేరే లెక్క ఉంది. మనకి ఆ లెక్క అడగడం రాదు.

తిథుల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. పుట్టినరోజు కొందరిళ్లలో తేదీ ప్రకారం చేస్తారు. కొందరిళ్లలో తిథి ప్రకారం. రెండూ ఏటా కలవవు. చాంద్రమానం ఏడాది 354 రోజులు. మన క్యాలెండరు కన్నా పదకొండు రోజులు తక్కువ. అందుకే పండుగలు ఏటా ముందుకి జరుగుతూ ఉంటాయి. మరీ జరిగిపోకుండా మధ్యమధ్య అధిక మాసం వచ్చి మళ్లీ వెనక్కి లాగుతుంది. కానీ 19 ఏళ్లు తిరిగేసరికి రెండు లెక్కలూ మళ్లీ ఒకచోటికి వస్తాయి. వినాయక చవితి 1995లో ఆగస్టు 29న వచ్చింది. మళ్లీ 2014లో ఆగస్టు 29నే వచ్చింది. మీ పుట్టినరోజూ అంతే. 19 నిండినప్పుడు, 38 నిండినప్పుడు, 57 నిండినప్పుడు తేదీ, తిథి కలుస్తాయి. ఒక్కోసారి ఒకరోజు అటూ ఇటూ అవుతుంది. మీకు తేదీ తెలిసి తిథి తెలియకపోతే ఇది పనికొస్తుంది. మీకు 19 నిండిన ఏటి పంచాంగం దొరికితే, మీ పుట్టినరోజు నాటి తిథి చూడండి. మీరు పుట్టిన తిథి దాని దాపునే ఉంటుంది.

మరొక్కసారి చెబుతాను, పుస్తకం మొదలుపెట్టేవాళ్ల కోసం. పేజీకి ఒక తేదీ. పైన ఏడాది వేయొద్దు. ప్రతి వరసకీ రెండు ముక్కలు. పడిందా, పెట్టారా. ఎలా తెలిసింది. ఫోన్లో వచ్చిన సంగతి అయితే "ఫోన్లో వచ్చింది" అనే రాయండి. సిగ్గుపడక్కర్లేదు. రేపు ఎవరైనా సరిచూసుకోవడానికి వీలుంటుంది. జరిగినది జరిగిన రోజే రాయండి.

పేజీలు లెక్కపెట్టేటప్పుడు చాలామంది 365 వేసి ఊరుకుంటారు. ఫిబ్రవరి 29కి కూడా ఒక పేజీ ఉంచండి. మన మాజీ ప్రధాని మొరార్జీ దేశాయి ఆ రోజునే పుట్టారు. 1896లో. నాలుగేళ్లకి, 1900లో, ఆయనకి పుట్టినరోజు రావాలి కదా? రాలేదు. నూరేళ్లకోసారి వచ్చే ఏడాది నాలుగువందలతో నిశ్శేషంగా భాగించబడితేనే లీపు సంవత్సరం. 1900 అలా భాగించబడదు. కాబట్టి ఆ ఏడు ఫిబ్రవరికి 28 రోజులే. తేదీ ప్రకారం మొరార్జీ మొదటి పుట్టినరోజు 1904లో వచ్చింది. అప్పటికి ఆయనకి ఎనిమిదేళ్లు నిండాయి.